చండామార్కుల బడిలో ప్రహ్లాదుడు

శ్రీమతే రామానుజాయ నమః

బడి నుండి ఇంటికి వచ్చిన కుమారుని హిరణ్యకశిపుడు తొడపై కూర్చుండబెట్టుకొని, ఇంతవరకు చదివిన చదువులో నీకు మేలుగా తోచినదేదో చెప్పుమని లాలనగా అడిగెను. శ్రీమద్భాగవతము సప్తమస్కంధములోని యీ ఘట్టమును పోతనామాత్యుడు తెనిగించిన నాటినుండి తెలుగునాట వినని యిల్లు అరుదు. పౌరాణికులు కోవెల మండపములలోను, తల్లులు ఉయ్యెల చెంతను ఈ కథను చెప్పుచునే యున్నారు. అయినను ఇందొక చిన్న విషయము చెప్పువారి దృష్టినుండియు, వినువారి దృష్టినుండియు తరచుగా జారిపోవుచుండును. ప్రహ్లాదుడు ఆ బడికి పోయెను. పోనని మొండికెత్తలేదు.

ఆ బడి ఎట్టిది? దానిని నడిపించువాడు ముల్లోకములను గెలిచి, శ్రీహరి నామము తన రాజ్యమున వినబడరాదని శాసించిన ప్రభువు. గురువులు శుక్రాచార్యుని కుమారులగు చండామార్కులు, విద్యలో లోపములేనివారు. వారు చెప్పిన పాఠములు ధర్మార్థకామములు, సామదానభేదదండోపాయములు. బాలుడు గురువులు చెప్పినదెల్ల వినెను. విన్నదెల్ల తిరిగి అప్పగించెను. ఒక్కటి మాత్రము అతని మనస్సునకు మేలుగా తోచలేదు. ఇది తనది, అది పరులది అను భేదబుద్ధిపై ఆ చదువు నిలిచియుండుట అతనికి రుచింపలేదని నారదమహర్షి ధర్మరాజునకు చెప్పెను. ప్రహ్లాదుడు పాఠమును త్రోసివేయలేదు. పాఠము అడుగున నున్న అహంకారమును త్రోసివేసెను.

ఈ భేదమును మనసున నుంచుకొనినచో, నేడు అనేక వైష్ణవ గృహములలో పెద్దలను వేధించు ఒక ప్రశ్నకు దారి దొరకును. పరదేశీయులు పాలకులై వచ్చి నెలకొల్పిన తీరు చదువును చదివి, ఆ భాషలో ఉద్యోగములు చేసి, ఆ వేషమున తిరుగు బిడ్డలు తుదకు తామెవరివారో తెలిసినవారుగా మిగులుదురా? అట్లు మిగులుటకు పెద్దలేమి చేయవలెను? ఈ ప్రశ్న ఒక్క తెలుగునాటిది గాదు. పరపాలన ననుభవించిన జాతులన్నిటి ఇండ్లలోను ఇది వినవచ్చుచునే యున్నది.

మన్రో దొర తీసిన లెక్క

తీర్పు చెప్పుటకు ముందు జరిగినది ఉన్నదున్నట్లు తెలిసికొనుట ధర్మము. 1822 వ సంవత్సరమున మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లాల కలెక్టర్లకు ఒక ఉత్తరువు పంపెను. తిరుమలలో 'మన్రో గంగాళము' పేరు విన్న యాత్రికులకు ఈయన క్రొత్తవాడు గాడు. జిల్లాలో ఎన్ని బడులున్నవి, వానిలో ఎవరు చదువుచున్నారు, ఏమి చదువుచున్నారు అని ఆయన అడిగెను. ఇంగ్లీషు బడులు ఇంకను వ్యాపింపని కాలమది. వచ్చిన లెక్కలను కూర్చి 1826 మార్చిలో ఆయన వ్రాసిన పత్రము ప్రకారము, 1,28,50,941 మంది జనులున్న మద్రాసు రాజధానిలో 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. అనగా ఇంచుమించు వేయిమందికి ఒక బడి.

బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 లో పంపిన నివేదిక వీనిలో ప్రత్యేకముగా చదువదగినది. ఈయన తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చిన పండితుడు. నాటి బళ్ళారి జిల్లాలో అనంతపురము సీమయు చేరియుండెను. ఆ జిల్లాలోని 533 బడులలో కన్నడమునకు 235, తెలుగునకు 226, మరాఠీకి 23, పారసీకమునకు 21, తమిళమునకు 4 ఉండగా, ఇంగ్లీషునకు ఒక్కటి యుండెను. తక్కిన 23 శాస్త్రపాఠములు చెప్పు చోట్లు.

ఈ లెక్కలు చూచి గర్వించుట సులభము. కాని ఆ పత్రములే మరికొన్ని మాటలును చెప్పుచున్నవి. 1,88,650 మందిలో బాలికలు 4,540 మంది మాత్రమే. ఊరి వెలుపల నివసింపజేయబడిన వారికి వేదశాస్త్రముల పాఠశాల తలుపు తెరువబడలేదు. పిల్లలు కావ్యములలోని పద్యములను కంఠస్థము చేసి అప్పగించుచున్నారేగాని వాని అర్థమెరుగరని కాంబెల్ వ్రాసెను. నేతపని దెబ్బతినుటచేతను, ధనము దేశము వెలుపలికి తరలిపోవుటచేతను ప్రజలు పేదలై, పంతులను పోషింపలేక అనేక గ్రామములలో బడులు మూతపడినవనియు ఆయనయే వ్రాసెను. పాతబడికి వెలుపలినుండి తగిలిన దెబ్బ పేదరికము. లోపల నున్న రోగము, అర్థము విడిచి అక్షరమును మాత్రము పట్టుకొనుట. ఈ రెండింటిలో ఒకదానిని చెప్పి ఒకదానిని దాచుట న్యాయము గాదు.

మన్రో పత్రములో గృహస్థులు గమనింపదగినది ఇంకొకటి కలదు. మద్రాసులో ఇండ్లలోనే చదువుకొను పిల్లలు, బడిపిల్లలకంటె అయిదు రెట్లకు పైగా ఉన్నారని కలెక్టరు లెక్క చెప్పెను. అది కొంత అతిశయమేమో యని మన్రో సందేహించెను. అయినను ఇంటిచదువు దేశమున బహుళమని అంగీకరించి, దానినిగూడ కలుపుకొన్నచో మగపిల్లలలో చదువు నేర్చువారు మూడవవంతుకు చేరువగా ఉందురని తలచెను. ఇంటి అరుగు, దేవుని గది, తాతగారి ఒడి కూడ ఆనాడు బడులే యని దీని తాత్పర్యము. మూతపడిన గ్రామబడుల గూర్చి విచారించువారు అనేకులు. మూతపడిన యీ రెండవ బడి గూర్చి విచారించువారు తక్కువ.

తెలియని దానికి విలువ కట్టుట

1813 నాటి చార్టరు చట్టము విద్యకై ఏటేట లక్ష రూపాయలకు తగ్గకుండ వెచ్చింపవలెనని నిర్దేశించెను. ఆ సొమ్ము సంస్కృతమునకును అరబ్బీకిని చెందవలెనా, ఇంగ్లీషు విద్యకు చెందవలెనా అని కలకత్తాలో దొరల నడుమ చాలకాలము వాదము నడచెను. 1835 ఫిబ్రవరి 2 న థామస్ మెకాలే వ్రాసిన పత్రము ఆ వాదమును ఇంగ్లీషు వైపునకు త్రిప్పెను. తనకు సంస్కృతము గాని అరబ్బీ గాని రాదని ఆయన అందులోనే చెప్పుకొనెను. అట్లు చెప్పుకొనియు, ఆ భాషలలోని సమస్త వాఙ్మయమును ఐరోపా పుస్తకములతో తూచి, అది తేలిపోయినదని తీర్పు చెప్పెను. పాలకులకును ప్రజలకును నడుమ దుబాసీలుగా నుండుటకు, మేనిరంగున భారతీయులును రుచులలోను తలపులలోను ఆంగ్లేయులును అగు ఒక వర్గమును తయారుచేయుట ఆయన కోరిక. మార్చి 7 న గవర్నర్ జనరల్ బెంటింకు ఆ మార్గమునే ఉత్తరువుగా వెలువరించెను. 1844 తరువాత సర్కారు కొలువులలో ఇంగ్లీషు చదివినవారికి ప్రాధాన్యము కలిగెను. 1857 లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు వెలసెను.

ఇదంతయు బలాత్కారముననే జరిగెననుట గూడ సత్యము గాదు. 1823 లోనే రాజా రామమోహనరాయలు, క్రొత్తగా సంస్కృత కళాశాలను పెట్టుటకు బదులు గణితము, రసాయనము మొదలగు శాస్త్రములను నేర్పుడని కలకత్తా ప్రభుత్వమునకు లేఖ వ్రాసెను. పాతబడిలో చోటు దొరకని బాలికలకై కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 లో ధవళేశ్వరమున పాఠశాల నెలకొల్పిరి. మశూచి టీకాను, వంతెన కట్టు విద్యను, చట్టమును ఆ చదువే తెచ్చినది. మరియొకవైపు, చెదలు తినిపోవుచుండిన తెలుగు తాళపత్రములను వెదకి వెదకి ప్రతులు వ్రాయించి నిలిపిన సి. పి. బ్రౌను ఇంగ్లీషు దొరయే. కావున దోషము ఒక భాషలో లేదు. ఒక శాస్త్రములో లేదు. ఒక జాతిలో లేదు. తనకు తెలియని దానికి విలువ కట్టి తీసివేయుటలో ఉన్నది. చండామార్కుల బడిలో ప్రహ్లాదునకు రుచింపనిదియు ఇదియే.

ఇట్టి బడిలో పుస్తకమునకెక్కని పాఠమొకటి ప్రతిదినము జరుగుచుండును. అమ్మమ్మకు తెలిసినది తెలివి గాదు. ఇంట మాటాడుకొను భాష పదిమందిలో మాటాడదగినది గాదు. నుదుటి తిరునామము నలుగురిలో కనబడదగినది గాదు. ఈ పాఠమును ఏ గురువును నోటితో చెప్పడు. అయినను పిల్లవాడు దానిని అన్నిటికంటె ముందుగా నేర్చును. వీధి మలుపు తిరుగగానే చొక్కా అంచుతో నామము తుడుచుకొని బడికి పోవు బాలుని ఎందరో చూచియుందురు. వానిని మందలించుటకు ముందు, అదే వీధిలో ఆఫీసుకు పోవుచు వాని తండ్రి ఏమి చేయుచున్నాడో చూడవలెను.

సముద్రముల కావల

ఈ సిగ్గును బడులు ఎట్లు నేర్పినవో, దానినుండి ఇండ్లు ఎట్లు తేరుకొన్నవో తెలిసికొనుటకు ఇతర దేశముల గాథలు ఉపకరించును.

తూర్పు ఆఫ్రికాలోని కెన్యా 1963 వరకు ఇంగ్లీషువారి ఏలుబడిలో నుండెను. అచటి రచయిత గూగీ వా థియాంగో 1986 లో ప్రకటించిన గ్రంథమున తన బాల్యమునాటి బడిని వర్ణించెను. 1952 లో అత్యయిక పరిస్థితి ప్రకటింపబడిన పిమ్మట, బడి ఆవరణలో తల్లిభాషయగు గికుయు మాటాడిన పిల్లవానికి బెత్తపు దెబ్బలు పడెడివి. లేదా తాను మూర్ఖుడనని తెలుపు రేకు మెడలో కట్టెడివారు. తప్పు చేసినవారిని పట్టుటకు ఒక బొత్తామును ఉదయము ఒక బాలుని చేతికిచ్చెడివారు. తల్లిభాషలో మాటాడినవాని చేతికి అతడు దానిని దాటించవలెను; అది చేతులు మారుచు పోవును. సాయంకాలమునకు అందరి పేర్లును బయటపడును. తల్లి నేర్పిన మాటను పట్టియిచ్చుట పిల్లలకొక ఆటయైపోయెను. ఆ బాలుడే పెద్దవాడై, ఇంగ్లీషులో ప్రసిద్ధ నవలలు వ్రాసిన తరువాత తల్లిభాషకు మరలెను. 1978 లో చెరసాలలో నుండగా, అచట దొరకిన మరుగుదొడ్డి కాగితముపై గికుయు భాషలో నవల వ్రాసెను. 2025 లో మరణించువరకు ఆయన చెప్పినది ఇతరభాషలు నేర్వవలదని గాదు. తల్లిభాషను పునాదిగా నుంచి, దానిపై తక్కినవానిని చేర్చుకొనుడని.

న్యూజిలాండులోని మావోరీ జాతి కథ మరింత బోధకరము. 1867 నాటి చట్టముతో మావోరీ గ్రామములలో సర్కారు బడులు నెలకొని, బోధన ఇంగ్లీషున సాగెను. ఇంటిభాష మాటాడినందుకు బడిలో శిక్షలు పొందిన ముసలివారు ఆ జాతిలో అనేకులు. తాము పడిన బాధ పిల్లలు పడరాదని వారు ఇండ్లలో గూడ ఆ భాషను మానివేసిరి. బడి మూసిన తలుపును ప్రేమచేతనే ఇల్లును మూసెను. ఒక శతాబ్దము గడచునప్పటికి భాష వృద్ధుల నోట మాత్రమే మిగిలెను. అప్పుడు వారేమి చేసిరి? 1982 లో 'కోహంగా రేయో' అను శిశుశాలలను ప్రారంభించిరి. ఆ పేరునకు భాషాగూడు అని అర్థము. బడికి పోవు వయస్సు రాకముందే పసిబిడ్డలను అవ్వలు, తాతలు చేరదీసి, తమ భాషలోనే ఆడించుచు, పాడుచు, అన్నము పెట్టుచు పెంచిరి. 1987 లో ఆ భాష అధికారభాషగా గుర్తింపబడెను. చట్టము తరువాత వచ్చినది. అవ్వ ఒడి ముందు వచ్చినది.

మూడవ గాథ తెలుగువారిదే. 1834 తరువాత మారిషస్ దీవిలోని చెరకు తోటలకు విశాఖపట్నము, గోదావరి సీమలనుండి కూలీలు ఓడలెక్కి పోయిరి. కోరంగి రేవు పేరును బట్టి వారిని కొరింగీలని పిలిచెడివారు. అచటి బడులు ఇంగ్లీషువి, ఫ్రెంచివి, వీధిభాష క్రియోలు. కాలక్రమమున పెక్కు ఇండ్లలో తెలుగు మాట అడుగంటెను. కాని రామభజన ఆగలేదు. సింహాద్రి అప్పన్న పూజ ఆగలేదు. ప్రహ్లాదుని కాచిన స్వామియే సింహాచలమున వెలసెనని స్థలపురాణము. ఆ స్వామియే చేత చిల్లిగవ్వ లేని కూలివారి వెంట కడలి దాటి పోయెను. 1947 లో అచటి తెలుగువారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. నేడు సర్కారు బడులలో తెలుగు నేర్చుకొను అవకాశము కలదు. ఉగాది ఆ దేశమున సెలవుదినము. మాట సన్నగిల్లిన చోట గూడ భజన ఒక దారముగా నిలిచి, మరల మాటను పట్టి తెచ్చుటకు సాధనమయ్యెను.

గర్భమున విన్న మాట

ఈ గాథలన్నిటి సారమును భాగవతము ముందే చెప్పియున్నది. నీకీ బుద్ధి ఎచటనుండి వచ్చెనని తోటి దైత్యబాలురు అడుగగా ప్రహ్లాదుడు తన జన్మవృత్తాంతము చెప్పెను. హిరణ్యకశిపుడు మందరగిరిపై తపస్సు చేయుచుండగా, ఇంద్రుడు గర్భవతియగు అతని భార్యను చెరపట్టెను. నారదమహర్షి ఆమెను విడిపించి తన ఆశ్రమమున ఉంచి, భగవద్ధర్మములను ఉపదేశించెను. తల్లి వినుచుండగా గర్భములోని శిశువు వినెను. చాలకాలము గడచినందున తల్లి ఆ ఉపదేశమును మరచెను, బిడ్డ మరువలేదు.

చండామార్కుల బడినుండి ప్రహ్లాదుని కాపాడినది మరియొక బడి కాదు. బడికి పోకముందే విన్న మాట కాపాడినది. తొమ్మిది విధములైన భక్తిలో శ్రవణమును మొదట నిలుపుటలోని ఔచిత్యము ఇక్కడ తేటపడును. కీర్తనము, స్మరణము, పాదసేవనము, అర్చనము, వందనము, దాస్యము, సఖ్యము, ఆత్మనివేదనము అన్నియు దాని వెనుకనే నడచును. విననివాడు దేనిని కీర్తించును? దేనిని స్మరించును?

నారదుడే ఈ ఉపదేశము చేయుటలోను ఒక ఔచిత్యము కలదు. ఛాందోగ్యోపనిషత్తులో ఈ మహర్షియే సనత్కుమారుని చేరి, వేదములు, గణితము, నక్షత్రవిద్య మొదలుగా తాను నేర్చినవన్నియు వరుసగా చెప్పి, ఇంత నేర్చియు ఆత్మ నెరుగక దుఃఖపడుచున్నానని విన్నవించుకొనెను. నేర్చిన విద్యలను ఆయన నిందింపలేదు. అవి చాలలేదని మాత్రమే చెప్పెను. ముండకోపనిషత్తు గూడ పర, అపర యను రెండు విద్యలను చెప్పి, రెండును తెలియదగినవే యనినది. నేటి ఇంజనీరింగు, వైద్యము, గణకయంత్ర విద్య అపరవిద్యలే. తెలియదగినవే. వానిని నేర్చిన బిడ్డ, దుఃఖము వచ్చిననాడు ఎవరిని తలచుకొనవలెనో తెలియక నిలువకుండుటయే పెద్దలు చూడవలసినది.

భగవద్రామానుజులును కంచిలో యాదవప్రకాశుని యొద్ద చదివిరి. గురువు సిద్ధాంతము వారికి సమ్మతము గాదు. గురువు చెప్పిన ఒక శ్రుత్యర్థమునకు వారి కన్నుల నీరు నిండెనని గురుపరంపర చెప్పుచున్నది. అయినను వారు చదువును నిందింపలేదు, గురువును ద్వేషింపలేదు. తుదకు ఆ యాదవప్రకాశుడే వారికి శిష్యుడయ్యెను. ఆ రామానుజులే పదునెనిమిది మారులు తిరిగి సంపాదించిన మంత్రార్థమును తిరుక్కోట్టియూరు గోపురమెక్కి అందరికిని చాటిరి. పాతవిద్య పోయెనని వగచువారు ఈ రెండవ ఘట్టమును మరువరాదు. తలుపు మూసికొని దాచిన విద్య నిలువదు. పంచిన విద్య నిలుచును.

రాగిరేకుల పాఠము

ఈ సత్యమునకు తార్కాణము తిరుమల కొండపైననే కలదు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) శ్రీనివాసునకు సమర్పించిన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి స్వామి సన్నిధి చెంత సంకీర్తన భాండారమున భద్రపరచిరి. ఆ పైన శతాబ్దములు గడచినవి. ఆ రేకులను ఎవరును కాల్చలేదు. ఏ పరదేశీయుడును ఓడకెక్కించుకొని పోలేదు. అవి ఉన్నచోటనే ఉన్నవి. లక్షలమంది భక్తులు వాని ప్రక్కనుండియే నడచి స్వామిని సేవించి పోయిరి. పాడువారు లేక, చెప్పువారు లేక, వినువారు లేక అవి మూగవోయినవి. 1920 దశకమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటివారి కృషిచే అవి వెలుగుచూచెను. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పెద్దలు పరిష్కరించి ప్రకటించిరి. 1978 లో తిరుమల తిరుపతి దేవస్థానములు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిన పిమ్మట ఆ పాటలు ఊరూర వినబడెను. నేడు అమెరికాలో పుట్టి, తెలుగు అక్షరము రాని పసివారు గూడ ఆ పాటలు పాడుచున్నారు.

పోగొట్టుకొన్న దానికెల్ల పరపాలకుని నిందించువారు ఈ రేకుల చెంత ఒక్క క్షణము నిలువవలెను. మెకాలే వ్రాసిన పత్రము ఒక దెబ్బ; కాదనరాదు. కాని చేతికందు దూరమున నున్న దానిని వినకపోవుటకు ఆ పత్రము కారణము గాదు. 1947 లో పరపాలన ముగిసెను. ఆ తరువాత ఇండ్లలో జరిగిన మరపునకు బాధ్యులు ఇంటివారే. ఈ మాట కటువైనను ఆశ కలిగించునదియు ఇదియే. పరులు చేసిన తప్పును దిద్దుట కష్టము. తమ ఇంటి తప్పును నేటి సాయంకాలమే దిద్దుకొనవచ్చును.

గృహస్థులు చేయదగినవి

మొదటిది, బడికంటె ముందు వినికిడి. అయిదవ యేడు రాకముందే బిడ్డ చెవిని ఇంటిభాషలో భగవత్కథ పడవలెను. ఇందుకు పాండిత్యము అక్కరలేదు. అన్నము కలుపుచు చెప్పిన గజేంద్రుని కథ చాలును. ఊరు విడిచి, దేశము విడిచి యున్న కుటుంబములలో తాతయు అవ్వయు దూరశ్రవణయంత్రము ద్వారా చెప్పినను వినికిడియే.

రెండవది, అర్థముతో చెప్పుట. కాంబెల్ దొర చూపిన లోపము రెండువందల యేండ్లు గడచినను చాల ఇండ్లలో పోలేదు. తిరుప్పావైని, విష్ణుసహస్రనామమును గడగడ అప్పగింపజేసి, ఒక్క నామమునకైనను అర్థము చెప్పని పెద్దలు, ఇదేమిటని పిల్లలు అడిగినప్పుడు కసరుకొందురు. బడిలో ప్రశ్నకు సమాధానము దొరకి, ఇంట కసరు దొరకిన పిల్లవాడు ఎవరి వైపు మొగ్గును? దినమునకొక నామము, దానికొక అర్థము, దానికొక చిన్నకథ చాలును. పెద్దలకు తెలియనిచో తెలియదని చెప్పి, బిడ్డతో కలిసి నేర్చుకొనుట లజ్జాకరము గాదు. మెట్లదారిన తిరుమలకు ఎక్కు కుటుంబము మోకాళ్ళ పర్వతమునకు ఆ పేరేల వచ్చెనో బిడ్డకు చెప్పుచు ఎక్కినచో, ఆ మెట్టు ఆ బిడ్డకు తనదగును.

మూడవది, సిగ్గును గర్వమును రెండింటిని విడుచుట. తనది తక్కువ యను సిగ్గు పోయినచోట, పరులది తక్కువ యను గర్వము వచ్చి కూర్చుండుట లోకమున తరచుగా చూచుచున్నదే. అది ప్రహ్లాదుని మార్గము గాదు. వేషము మార్చిన చండామార్కుల పాఠమే. ప్రహ్లాదుడు గురువులను దూషింపలేదు. నృసింహస్వామి వరము కోరుకొమ్మనగా, తనను చంపజూచిన తండ్రి పవిత్రుడు కావలెనని కోరెను. వైష్ణవునకు తానెవరను ప్రశ్నకు సమాధానము ఒక్కటియే: తాను శ్రీమన్నారాయణునకు శేషభూతుడు, దాసుడు. ఈ సమాధానము ఇంగ్లీషున చదివినంతమాత్రమున పోదు; సంస్కృతమున చదివినంతమాత్రమున రాదు. ఇంటిలో, ఒడిలో, దీపము ముందు వినగా వినగా నిలుచును.

తుదకు మరల ఆ మొదటి ప్రశ్నకు రావలసియున్నది. హిరణ్యకశిపుడు భగవద్ద్వేషి, లోకకంటకుడు. అట్టివాడును బడినుండి వచ్చిన కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, నీకు మేలుగా తోచినదేదని అడిగెను. వచ్చిన సమాధానమును సహింపలేక చెడిపోయెను. నేటి తండ్రులు బిడ్డను ప్రేమించువారు, భగవద్భక్తులు. వారిలో అనేకులు బడినుండి వచ్చిన బిడ్డను అడుగునది మార్కులెన్ని యనియే. మేలేది యని అడిగి, తొడపై కూర్చుండబెట్టుకొని, బిడ్డ చెప్పు సమాధానమును ఓపికతో విను తండ్రియున్న యింట ప్రహ్లాదుడు పుట్టుటకు వేరొక తపస్సు అక్కరలేదు.

అట్టి ప్రశ్న ప్రతి యింటను ప్రతి సాయంకాలము వినబడునట్లు ప్రహ్లాదవరదుడగు శ్రీవేంకటాచలపతి అనుగ్రహించుగాక!

స్వస్తి.